ఐడ్లింగ్ నిలవని చైన్ సా

ట్రిగ్గర్ నొక్కినంతసేపూ చైన్ సా హోరెత్తిపోతుంది. వేలు తీయగానే కాస్త తడబడి ఆగిపోతుంది. చెట్లు కోసేవాళ్లకు రోజూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. చాలామంది వెంటనే స్క్రూడ్రైవర్ తీసి ఐడ్లింగ్ స్క్రూ బిగిస్తారు. స్పీడు పెరిగి ఇంజన్ అప్పటికి నిలుస్తుంది, లోపలి తేడా మాత్రం అలాగే ఉండిపోతుంది. నన్నడిగితే ఆ స్క్రూ అన్నిటికంటే ఆఖర్న ముట్టుకోవాల్సింది. ఎందుకో తెలియాలంటే ఈ రంపం ఎటు వంచినా నడిచే విద్య ఎలా నేర్చిందో చూడాలి.

జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే చైన్ సా తయారుచేశాడు, 1929లో పెట్రోలుది. ఆ పెట్రోలు రంపం 46 కిలోలు, ఇద్దరు పట్టుకుంటే గాని లేచేది కాదు. బరువు సంగతి అలా ఉంచితే, ఆనాటి కార్బొరేటర్‌తో ఇంకో చిక్కు ఉండేది. మన పాత స్కూటర్లలో లాగే దాంట్లోనూ ఒక చిన్న గిన్నె, అందులో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ ఉండేవి. గిన్నె నిటారుగా ఉంటేనే పెట్రోలు మట్టం కుదురుతుంది. కానీ నిలబడ్డ చెట్టును మొదలు దగ్గర కోయాలంటే రంపాన్ని పక్కకు పడుకోబెట్టక తప్పదు. అలా పడుకోబెడితే పెట్రోలు పొర్లిపోవడమో, అసలు అందకపోవడమో జరిగేది. అందుకే కొన్ని రంపాల్లో ఇంజన్‌ను నిటారుగా ఉంచి, చైన్ తిరిగే బార్‌ను మాత్రం పక్కకు తిప్పుకునే ఏర్పాటు పెట్టారు.

ఫ్లోట్ పోయి దాని స్థానంలో పల్చటి పొర వచ్చాకే ఈ చిక్కు వీడింది. అమెరికాలోని టొలీడో నగరపు టిల్లట్సన్ కంపెనీ 1950ల్లో ఇలాంటి డయాఫ్రమ్ కార్బొరేటర్లకు పేరు తెచ్చింది. 1959లో వచ్చిన స్టీల్ కంపెనీ రంపం కాంట్రా బరువు 12 కిలోలకు దిగింది, ఒక్క మనిషి చాలు.

డయాఫ్రమ్ కార్బొరేటర్ అరచేతిలో ఇమిడిపోతుంది. ఒకవైపు మూత తీస్తే పంపు పొర కనిపిస్తుంది. పిస్టన్ ఆడుతున్నప్పుడు క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఊపు ఒక సన్నని రంధ్రం గుండా వచ్చి పొరను ఆడిస్తుంది, ట్యాంకులోని పెట్రోలు పైకి వస్తుంది. రెండోవైపు మీటరింగ్ పొర ఉంటుంది, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. దానికి ఒక పక్క పెట్రోలు, ఇంకో పక్క బయటి గాలి. ఇంజన్ పెట్రోలు పీల్చుకోగానే పొర లోపలికి వంగి చిన్న లివర్‌ను నొక్కుతుంది. లివర్ అవతలి కొస సూదిని లేపి కాస్త పెట్రోలును లోపలికి వదులుతుంది. గది నిండగానే పొర వెనక్కి పోతుంది, సూది మూసుకుంటుంది. రంపాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఈ పని ఆగదు. ఎంత ముచ్చటైన ఏర్పాటు!

ఫుల్ రేసులో ఇంజన్ నిమిషానికి 12,000 చుట్లు దాటుతుంది, ఐడ్లింగ్‌లో సుమారు 2,500 నుంచి 3,000 దగ్గర ఉంటుంది. అప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, లోపలికి వెళ్లే గాలీ పెట్రోలూ రెండూ చాలా కొద్ది. అందుకే ఏ చిన్న తేడా ఉన్నా ముందుగా అక్కడే బయటపడుతుంది.

చూడటం తేలికైన వాటితో మొదలుపెట్టాలి: ఎయిర్ ఫిల్టర్, ట్యాంకులోని పెట్రోలు ఫిల్టర్, ప్లగ్గు. ట్యాంకులోకి గాలి వెళ్లే రంధ్రం పూడిపోతే రంపం కాసేపు నడిచి ఆగిపోతుంది, మూత వదులు చేయగానే మళ్లీ అందుకుంటుంది. వీటిలో ఏదీ కాకపోతే కార్బొరేటర్ విప్పి పొరను వేలితో తడమాలి. మెత్తగా ఉంటే సరే, బిరుసెక్కితే మార్చాల్సిందే. ఇప్పుడు మన బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది. పని అయిపోయాక రంపాన్ని నెలల తరబడి పక్కన పెట్టేవాళ్లు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపాలి.

నేను ఎక్కువగా భయపడేది గాలి లీకుకు. ట్రిగ్గర్ వదిలాక కూడా స్పీడు వెంటనే దిగకపోతే, రంపాన్ని పక్కకు వంచగానే చప్పుడు మారిపోతే, కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు బూటును, క్రాంక్ సీళ్లను అనుమానించాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిల్ విడిగా పోయం, పెట్రోలులోనే కలుపుతాం. చాలా రంపాలకు లీటరుకు 20 మిల్లీలీటర్లు. దొంగదారిన గాలి చేరితే దానికి తగ్గ పెట్రోలు అందదు, ఆయిలూ అందదు. ఇంజన్ వేడెక్కి, పిస్టన్ మీద గీతలు పడి, చివరికి పట్టేస్తుంది. ఐడ్లింగ్ స్క్రూ బిగించి సరిపెట్టుకున్న రంపం వెళ్లేది ఇటే.

అన్నీ బాగున్నాయని తేలాకే స్క్రూల జోలికి పోవాలి. ‘ఎల్’ అని రాసి ఉన్న స్క్రూను నెమ్మదిగా తిప్పుతూ ఇంజన్ బాగా స్పీడందుకునే చోటు పట్టుకుని, అక్కడి నుంచి సుమారు పావు చుట్టు వదులు చేస్తే ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా లేస్తుంది. ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూ. ఇంజన్ నిలవాలి, చైన్ మాత్రం కదలకూడదు. స్పీడు పెరిగితే క్లచ్ వెయిట్లు బయటికి జరిగి డ్రమ్మును పట్టేస్తాయి, చైన్ తిరుగుతుంది. ఐడ్లింగ్‌లోనే చైన్ తిరుగుతోందంటే స్పీడు ఎక్కువైనట్టు, లేదా క్లచ్ స్ప్రింగు దెబ్బతిన్నట్టు. అలాంటి రంపంతో ఒక్క కొమ్మ కూడా కోయకూడదు.

సీళ్ల మీద అనుమానం వస్తే మంచి మెకానిక్ ఊహించి ఊరుకోడు. సైలెన్సర్, కార్బొరేటర్ విప్పి ఆ రెండు దారులూ మూసేస్తాడు, చేతి పంపుతో గాలి ఎక్కిస్తాడు. గేజీ ముల్లు దిగిపోతుంటే సబ్బునీళ్లు రాసి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తాడు.