పిల్లల చేతివేళ్లపై నొప్పిలేని బొడిపెలు

బడికి వెళ్లే పిల్లవాడి వేలిపై బఠాణీ గింజంత గట్టి బొడిపె కనిపించిందనుకుందాం. నొప్పి లేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు. నెలలు గడిచేకొద్దీ మెల్లగా పెరుగుతోంది. డాక్టరుగారి నోట 'ట్యూమర్' అన్న మాట వెలువడగానే ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. ఆ భయంలో నిజమెంతో మా పాఠకులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కీళ్ల లోపలి భాగాన్నీ, వేళ్లను కదిలించే స్నాయువుల తొడుగునూ సైనోవియం అనే పలుచని పొర కప్పి ఉంచుతుంది. కందెన వంటి ద్రవాన్ని స్రవించి కదలికను సాఫీగా ఉంచడం దాని పని. ఈ పొర నుంచి పుట్టే గడ్డలలో వేళ్లపై ఎక్కువగా కనిపించేది టెనోసైనోవియల్ జయంట్ సెల్ ట్యూమర్. పేరు భయపెట్టేదే గాని, ఇది కాన్సర్ కాదు. సాధారణంగా 30 నుంచి 50 ఏళ్లవారిలో వస్తుంది, పిల్లలలో అరుదు. ఆ అరుదుతనం వల్లనే దీనిని గాంగ్లియన్ అనే నీటి గడ్డగా పొరబడే అవకాశం ఉంది.

1941లో జాఫే, లిక్టెన్‌స్టీన్, సూట్రో అనే అమెరికా వైద్యులు ఈ కోవకు చెందిన వ్యాధిని వర్ణించినప్పుడు ఇది వాపు ఫలితమని భావించారు. 2006లో మరో సంగతి బయటపడింది. గడ్డలోని కొద్దిపాటి కణాలలోనే జన్యుమార్పు ఉంటుంది. అవి సి.ఎస్.ఎఫ్.-1 అనే ప్రోటీనును అతిగా తయారుచేయగా, ఆ పిలుపునందుకొని రక్షక కణాలు తండోపతండాలుగా వచ్చి చేరతాయి. గడ్డలో అధిక భాగం అతిథులే నన్నమాట!

టార్చిలైటు వెలుగు నీటి గడ్డ గుండా ప్రసరిస్తుంది. దీని గుండా ప్రసరించదు. గడ్డ ఒత్తిడికి ఎముక గుంటపడిందేమో ఎక్స్‌రే చూపుతుంది. సూక్ష్మదర్శిని పరీక్షతోనే తుది నిర్ధారణ. కనుక తీసిన ముక్కను పారవేయక ఆ పరీక్షకు పంపించవలసిందిగా తల్లిదండ్రులు తప్పక కోరాలి.

చికిత్స శస్త్రచికిత్సే. నరాలకు, రక్తనాళాలకు, ముఖ్యంగా ఎదిగే ఎముక చివర్లకు హాని కలగకుండా గడ్డను పూర్తిగా తీయడం నేర్పరుల పని. చేతి శస్త్రచికిత్సలో అనుభవమున్న సర్జనునే ఆశ్రయించాలి. సూదితో పొడవడం, పసరు కట్టడం వృథా ప్రయాస. 2019లో అమెరికా అనుమతించిన పెక్సిడార్టినిబ్ అనే మందు, శస్త్రచికిత్సతో మేలు జరగని పెద్దలకు ఉద్దేశించినది.

కొందరిలో గడ్డ మళ్లీ తలెత్తుతుంది. అందుచేత కొన్నేళ్లపాటు పరీక్షలు అవసరం. బదిలీలపై ఊళ్లు మారే మన కుటుంబాలు ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు, పరీక్ష రిపోర్టులు భద్రపరచి, కొత్త ఊరి డాక్టరుకు మొదటిసారే చూపించాలి.