కరోనా రిపోర్ట్ కోసం కాన్పు ఆగదు

సెకండ్ వేవ్ తగ్గింది. 2021 జూన్ 20 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్ పూర్తిగ ఎత్తేసిన్రు. బస్సులు తిరిగినయ్, బోనాలు మొదలైనయ్, మాస్క్ గదవ కిందికి జారింది. అందరూ గండం గట్టెక్కినట్టే ఉండిన్రు. కానీ ఏప్రిల్, మే నెలల్లో చెకప్‌కు పోలేక ఇంట్లనే ఉండిపోయిన గర్భిణులకు అప్పటికి ఏడో నెలో, తొమ్మిదో నెలో నడిచింది. కేసులు తగ్గినంత మాత్రాన వాళ్లకు తప్పిపోయిన చెకప్‌లు వాపస్ రాలె.

ఆ రెండు నెలలు దవాఖాన అంటేనే జనం గజగజ వణికిన్రు. ‘‘అక్కడికి పోతే లేని రోగం అంటుకుంటది, ఇంటి పట్టున ఉండు బిడ్డా’’ అని అత్తలు, తల్లులు ఆపిన్రు. ఆ భయాన్ని తప్పు పట్టలేం. దగ్గుకుంట ఓపీకి వచ్చినోళ్లు, కరోనా టెస్ట్ కోసం లైన్ కట్టినోళ్లు, నెలలు నిండిన ఆడబిడ్డలు ఒకే వరండాలో కూర్చోవాల్సి వచ్చిన రోజులవి. ఇంటికొచ్చి బీపీ చూసి, ‘గోలీలు వేసుకుంటున్నవా’ అని అడిగే ఆశా, ఏఎన్ఎం అక్కలనేమో ఫీవర్ సర్వేకు పంపిన్రు. ఇంటింటికి తిరిగి జ్వరం అడగాలె, కిట్లు పంచాలె, వ్యాక్సిన్ డ్యూటీ చేయాలె. పని మూడింతలు చేసిన్రు గానీ మనిషిని పెంచలె. దాంతోని దెబ్బ పడింది గర్భిణుల చెకప్‌ల మీదనే.

ఏ నొప్పీ లేదు కదా, చెకప్ ఎందుకని చాలామంది అడుగుతరు. నొప్పి లేనప్పుడు దొరకబట్టాల్సిన వాటి కోసమే చెకప్. బీపీ 140/90 దాటినా మొదట్లో మనిషికి ఏమీ తెలువది. తలనొప్పి, కండ్లు మసకలు, ముఖం వాపు కనపడేసరికి ముదిరి ఉంటది. ఆ తర్వాత ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికొస్తది. షుగర్ కూడ గంతే. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగిపిచ్చి రెండు గంటల తర్వాత రక్తం చూస్తరు. 140 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గర్భంలో వచ్చిన షుగర్ కింద లెక్క. ఇవేవీ ఫోన్‌లో తేలేవి కావు. ఈ-సంజీవని లాంటి వీడియో కన్సల్టేషన్‌తో డాక్టర్‌ను అడిగి చిన్న చిన్న అనుమానాలు తీర్చుకోవచ్చు, మంచిదే. కానీ ఫోన్ బీపీ చూడదు, కడుపు పట్టి బిడ్డ ఎదుగుదల చెప్పదు.

లెక్క ప్రకారం తక్కువలో తక్కువ నాలుగు చెకప్‌లు కావాలె. మొదటిది మూడు నెలల లోపల, రెండోది 14 నుంచి 26 వారాల నడుమ, మూడోది 28 నుంచి 34 వారాలల్ల, నాలుగోది 36 వారాల తర్వాత. బిడ్డకు అవయవాలన్నీ సక్కగున్నయా అని చూసే టిఫా స్కాన్‌కు అయిదో నెల సరైన టైమ్. ఆ టైమ్ దాటిపోయినోళ్లు ‘ఇంకేం చేస్తం’ అని వదిలేయకుండ, ఇప్పుడైనా పోయి తప్పిపోయిన టెస్టులు ఏమేమి చేయొచ్చో అడగాలె.

రక్తం తక్కువ.. గుడ్డు ఎవరి పళ్లెంలకు పోయింది?

కరోనా కన్నా ముందు నుంచే మన ఆడోళ్లను తింటున్నది రక్తహీనత. 2020 డిసెంబర్‌లో వచ్చిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువున్నోళ్లే. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత అంటరు. 7 కన్నా కిందికి పోతే చానా డేంజర్. అట్లాంటి మనిషికి కాన్పులో ఓ మోస్తరు రక్తస్రావం అయినా తట్టుకోలేదు. ముందుగాల తెలిస్తే గోలీలతోనో, ఐరన్ ఇంజక్షన్లతోనో పెంచుకోవచ్చు. నొప్పులు మొదలైనంక తెలిస్తే రక్తం బాటిల్ కోసం ఉరకాలె. లాక్‌డౌన్‌లో రక్తదాన క్యాంపులు బందై, బ్లడ్ బ్యాంకులు ఖాళీ అయిన సంగతి అందరికీ ఎరుకే.

మన రాష్ట్రంలో ఆరోగ్య లక్ష్మి స్కీమ్ 2015 నుంచి నడుస్తున్నది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకి వచ్చి రోజూ ఒక పూట కడుపు నిండ అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడనే కూసోని తీసుకోవాలె. ‘అక్కడనే’ అన్న మాటలోనే ఆ స్కీమ్ అసలు బలం ఉన్నది. కరోనాతో సెంటర్లు మూసి సరుకులు ఇంటికి ఇచ్చుడు మొదలుపెట్టిన్రు. ఇయ్యకపోవుడు కన్నా ఇచ్చుడు నయమే. కానీ ఇంటికొచ్చిన గుడ్లు ఒక్క కోడలి కోసమే ఉడుకుతయా? పనికి పోయే మొగోనికొకటి, పిల్లలకు చెరొకటి, మిగిలితే ఆమెకు. కూలి లేక ఇంటిల్లిపాది పస్తులున్న నెలల్లో ఎవరినీ తప్పు పట్టలేం. సెంటర్లు తెరిచి, దూరం దూరం కూసోబెట్టి, మళ్లీ అక్కడ వండి పెట్టుడే అప్పుడు దీనికి మందు.

ఐరన్ గోలీల ముచ్చట కూడ చెప్పాలె. నాలుగో నెల నుంచి రోజుకొకటి, తక్కువలో తక్కువ 180 రోజులు వేసుకోవాలె. కాన్పు అయినంక ఇంకో 180 రోజులు. చాలామంది దొడ్డికి నల్లగ వస్తున్నదనో, వికారమైతున్నదనో మధ్యలనే ఆపేస్తరు. నల్లగ అవుడు మామూలే, భయపడొద్దు. వికారముంటే రాత్రి పండుకునే ముందు వేసుకోవచ్చు. కాల్షియం గోలీ, ఐరన్ గోలీ మాత్రం ఒక్కసారే మింగొద్దు, ఒకటి ఇంకోదాన్ని ఒంటికి పట్టనియ్యది. గోలీ వేసుకున్న వెంటనే చాయ తాగుడు కూడ మానాలె.

రిపోర్ట్ లేదని గేటు కాడ ఆపిన్రు

నొప్పులతోని వచ్చిన ఆడబిడ్డను ‘కరోనా రిపోర్ట్ ఏది?’ అని అడిగి, లేదంటే వేరే దవాఖానకు పొమ్మనుడు కరోనా మొదలైన ఏడాదిన్నరలో జరిగిన అన్యాయాల్లో అన్నిటికన్నా పెద్దది. 2020 ఏప్రిల్‌లో పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఒక గర్భిణిని ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు తిప్పితే చివరికి తల్లీ దక్కలె, బిడ్డా దక్కలె. ఆ సంగతి హైకోర్టు దాక పోయింది. అయినా సెకండ్ వేవ్‌లో గూడ అట్లాంటి వార్తలు ఆగలె.

ఇక్కడ జనానికి తెల్వాల్సిన ముచ్చట ఒకటున్నది. టెస్ట్ కాలేదని కాన్పు సహా ఏ ఎమర్జెన్సీ ట్రీట్‌మెంట్ ఆపొద్దని ఐసీఎంఆర్ 2020 మే నెలలోనే రాతపూర్వకంగ చెప్పింది. టెస్ట్ సౌకర్యం లేదన్న సాకుతోని గర్భిణులను వేరే చోటికి రిఫర్ చేయొద్దని, అవసరమైతే ఉన్న చోటనే శాంపిల్ తీసి టెస్ట్‌కు పంపాలని కూడ చెప్పింది. అంటే రూల్ పేషెంట్ దిక్కే ఉండె. అప్పుడు కాన్పు చేసేటప్పుడు పీపీఈ కిట్ వేసుకొని, ఎన్95 పెట్టుకొని, వచ్చిన మనిషికి కరోనా ఉన్నట్టే అనుకొని జాగ్రత్త పడాల్సి ఉండె. ర్యాపిడ్ టెస్ట్ అయితే అరగంటలో తేలిపోతది. ఆ అరగంట కూడ లేనప్పుడు ముందు కాన్పు, తర్వాత టెస్ట్. నర్సులు, డాక్టర్ల భయం అర్థం చేసుకోదగ్గదే, వాళ్లల్ల ఎంతోమంది కరోనాతోని పోయిన్రు. వాళ్లకు కిట్లు సరిపోయినన్ని ఇయ్యాల్సింది సర్కారు. ఆ లోటును నొప్పులు పడే మనిషి మీద తీర్చుకుంటమంటే ఎట్ల?

పాజిటివ్ వస్తే ఆపరేషనే చేయాలన్నది ఇంకో అపోహ. కరోనా ఉన్నంత మాత్రాన కడుపు కోయాల్సిన పని లేదు. తల్లికి ఆయాసం బాగా ఎక్కువైనా, బిడ్డకు ఇబ్బందైనా అది వేరే సంగతి. అసలే మన రాష్ట్రంలో 100 కాన్పుల్లో 60.7 ఆపరేషన్లేనని అదే సర్వే చెప్పింది. ప్రైవేట్‌లో అయితే 81.5 శాతం. దానికి కరోనా ఇంకో సాకు కావొద్దు. గాంధీ హాస్పిటల్‌లో 2020 నుంచి పాజిటివ్ తల్లులకు కాన్పులు చేసిన్రు.

పుట్టిన బిడ్డను తల్లి నుంచి దూరం పెట్టాల్సిన పని కూడ లేదు. పాజిటివ్ అయినా తల్లి మాస్క్ పెట్టుకొని, చేతులు సబ్బుతోని కడుక్కొని పాలు ఇయ్యొచ్చని డబ్ల్యూహెచ్‌వో మొదటి నుంచి చెప్తున్నది. చేతనైతలేదంటే పాలు పిండి ఇంకొకరితోని పట్టించొచ్చు. ముర్రుపాలు పారబోసి డబ్బా పాలకు పోవుడు మాత్రం బిడ్డ నోటికాడి రక్షణ గుంజుకున్నట్టే.

మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు

ఇంట్ల ఒకరికి పాజిటివ్ వస్తే అందరూ ఒకే చిట్టీ మీద మందులు తెచ్చుకొని మింగిన్రు. మిగతావాళ్ల సంగతి ఎట్లున్నా, కడుపుతోని ఉన్న మనిషికి ఇది చానా ప్రమాదం. చాలామంది వాడిన ఫేవిపిరావిర్ గోలీలు గర్భిణులకు అసలే ఇయ్యొద్దు, బిడ్డకు అవకరాలు వచ్చే ముప్పుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బిడ్డ ఎముకల మీద, పండ్ల మీద పడుతది. 2021లో వచ్చిన 2డీజీ పొడి కూడ గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కాదు. ఇంటికిచ్చిన కిట్ అయినా సరే, అందులో ఏముందో డాక్టర్‌కో, ఏఎన్ఎంకో చూపించకుండ గోలీ మింగొద్దు. జ్వరానికి పారాసిటమాల్ వాడొచ్చు.

నెలలు నిండుతుంటే మామూలుగనే ఆయాసమొస్తది, కాబట్టి కరోనా ఆయాసం ఏదో, కడుపు బరువు ఆయాసం ఏదో ఒంటిని చూసి చెప్పుడు కష్టం. అందుకే వేలికి పెట్టి చూసే ఆక్సిమీటర్ ఇంట్ల ఉంటే మంచిది. గర్భిణికి ఆక్సిజన్ 95 కన్నా తగ్గనియ్యొద్దు. తగ్గితే రేపు చూద్దామని ఆగకుండ అప్పుడే బయలుదేరాలె.

ఇక వ్యాక్సిన్. కడుపుతోని ఉన్నోళ్లు కూడ టీకా వేసుకోవచ్చని కేంద్రం 2021 జులై 2న చెప్పింది. బాలింతలకు మే నెలలోనే ఒప్పుకున్నరు. అన్ని రోజులు వద్దని అప్పుడు వేసుకోమంటే జనానికి అనుమానం వచ్చుడు సహజం. మొదట్ల జరిగిన ట్రయల్స్‌లో గర్భిణులను తీసుకోలె, అందుకనే ఆగిన్రు. ఈలోపు సెకండ్ వేవ్ వచ్చి లెక్క మార్చింది. ఐసీఎంఆర్ 2021 జూన్‌లో చెప్పిన దాని ప్రకారం, తాము గమనించిన పాజిటివ్ గర్భిణులు, బాలింతల్లో లక్షణాలు బయటపడ్డోళ్లు ఫస్ట్ వేవ్‌లో 14.2 శాతం ఉంటే సెకండ్ వేవ్‌లో 28.7 శాతమయిన్రు. చావులు 0.7 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగినయ్. పెరుగుతున్న కడుపు ఊపిరితిత్తులను పైకి నొక్కుతది, ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తది, గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం కూడ పెరుగుతది. వైరస్ వచ్చి ఈ మూడింటి మీదనే దెబ్బ కొడుతది. 35 ఏండ్లు దాటినోళ్లకు, బరువు ఎక్కువున్నోళ్లకు, బీపీ, షుగర్ ఉన్నోళ్లకు ముప్పు ఇంకింత ఎక్కువ. అట్లని పాజిటివ్ వచ్చిన ప్రతి గర్భిణి బెంగ పెట్టుకోవద్దు. 90 శాతానికి పైగా దవాఖానలో చేరకుండనే కోలుకుంటరని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది.

టీకాతోని గర్భం పోతది, పిల్లలు కారు అన్న మాటలు వాట్సాప్‌లో తిరిగినయ్. మన హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌లో ఉండేది చంపేసిన వైరస్. కొవిషీల్డ్‌లో ఉన్నది ఒంట్ల పెరగలేని వైరస్. రెండిట్లో ఏదీ బిడ్డకు కరోనా అంటించదు. ఏ నెలలోనైనా వేసుకోవచ్చని చెప్పిన్రు. 2021 రూల్ ప్రకారం కొవాగ్జిన్ రెండో డోసుకు నాలుగు నుంచి ఆరు వారాలు, కొవిషీల్డ్‌కు 12 నుంచి 16 వారాలు ఆగాల్సి ఉండె. అంటే కొవిషీల్డ్ వేసుకునేటోళ్లు ఆలస్యం చేస్తే రెండో డోసు కాన్పు తర్వాతకు పోయేది. అదే గర్భంల కరోనా వచ్చి పోయినోళ్లు కాన్పు అయినంక వేసుకోవాలని చెప్పిన్రు. ఒకటి రెండు రోజులు జ్వరం, చేయి గుంజుడు మామూలే. చానా అరుదుగ రక్తం గడ్డకట్టొచ్చు కాబట్టి 20 రోజుల దాక ఛాతీ నొప్పి, ఆయాసం, కాలు వాపు, ఆగని తలనొప్పి, కడుపు నొప్పి వస్తే వెంటనే చూపించుకోవాలె.

తల్లిగారింటికి పోతే కార్డు వెంట పోవాలె

మన దగ్గర తొలి కాన్పు తల్లిగారింట్లనే. ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో బిడ్డను తీసుకపోతరు. సర్కారు లెక్కలకు ఈ ఆచారం ఇప్పటికీ సరిగ్గ అందలె. అత్తగారి ఊర్ల పేరు రాసుకున్న ఆశా అక్కకు ఆ పిల్ల ఊర్ల లేదు, తల్లిగారి ఊరి ఆశా అక్క లిస్ట్‌లో పేరే లేదు. లాక్‌డౌన్‌లో ఇది ఇంకింత ముదిరింది. కొందరు నడుమ చిక్కుకపోయిన్రు, కొందరు కార్డు, రిపోర్టులు అక్కడ మరిచి ఇక్కడ కాన్పుకు వచ్చిన్రు. ఏ ఊర్ల దిగినా మొదటి రోజే అక్కడి ఆశాకు చెప్పి పేరు రాయించుకోవాలె. ఎంసీపీ కార్డు, రక్తం గ్రూప్, స్కాన్ రిపోర్టులు ఒక కవర్‌లో పెట్టి తయారుంచుకోవాలె. కార్డు ఫొటో భర్త ఫోన్‌లో, తల్లి ఫోన్‌లో కూడ ఉంటే ఇంకా మేలు. 2021లో కేసీఆర్ కిట్ పైసలు రావాలన్నా ఈ చెకప్‌లన్నీ ఎక్కించుకోక తప్పకపోయేది. చెకప్‌కు పోయి రావడానికి 102 అమ్మ ఒడి బండి ఉన్నది, నొప్పులకు, ఎమర్జెన్సీకి 108 ఉన్నది.

శ్రీమంతం ఫంక్షన్ మాత్రం అప్పుడు ఇంటి నలుగురితోనే చేసుకోవాల్సి ఉండె. వంద మంది వచ్చి అక్షింతలు వేసే రోజులు అప్పటికి ఇంకా రాలె.

సర్కారు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. ప్రతి పీహెచ్‌సీలో జ్వరం, దగ్గు ఉన్నోళ్లకు ఒక దారి, గర్భిణులకు ఇంకో దారి పెట్టాలె. చెట్టు కింద టెంట్ వేసి నాలుగు కుర్చీలు వేసినా చాలు. వచ్చే రెండు నెలల్లో కాన్పు అయ్యేటోళ్ల లిస్ట్ ఊరి వారీగ తీసి, అందులో రక్తం తక్కువున్నోళ్లు, బీపీ ఉన్నోళ్లు, ముందు ఆపరేషన్ అయినోళ్లు ఎవరో, వాళ్లు ఏ దవాఖానకు పోవాలో ఇప్పుడే తేల్చి చెప్పాలె. ఆశాలను కనీసం వారంలో ఒక రోజైనా కరోనా డ్యూటీ నుంచి ఇడిచిపెట్టి గర్భిణుల ఇండ్లకు పంపాల్సి ఉండె. మూడో వేవ్ వస్తదని 2021లో అన్నరు కాబట్టి పోయినసారి లెక్క మళ్లీ గేటు కాడ కొట్లాట కాకుండ ఐసీఎంఆర్ రూల్‌ను తెలుగులో రాసి ప్రతి కాన్పుల వార్డు ముందర అంటించాల్సి ఉండె.

ప్రతి నెల 9న సర్కారు దవాఖానల్లో గర్భిణులకు డాక్టర్లు ఫ్రీగ చెకప్ చేస్తరు.  చెకప్‌కు పోనోళ్లు మీ ఇంట్ల గానీ, వాడకట్టుల గానీ ఉంటే ఆ రోజు కార్డు పట్టుకొని పొద్దుగాలనే పొమ్మనండ్రి, మధ్యాహ్నమైతే ల్యాబ్‌లో శాంపిల్స్ తీసుకునుడు బంద్ చేస్తరు.