గడప కింద దుడ్డు

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనవడు మొన్న పొద్దున చేతులు వెనక్కి పెట్టుకుని నా ముందర నిలబడ్డాడు. "తాతా, నిధి దొరికింది. ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు గుసగుసగా. అరచెయ్యి తెరిస్తే రెండు బిళ్ళలు. రెండూ పచ్చగా, మన్ను పట్టి ఉన్నాయి.

గుర్రంకొండ చుట్టుపక్కల పల్లెల్లో పాడుబడిన మిద్దెలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మా పెదనాయన వాళ్ళది. రాతి గోడలు, కొయ్య దంతెలు, పైన చవుడు మన్ను. పైకప్పు కూలి చాన్నాళ్ళయింది. వాకిలి మాను ఇంకా గట్టిగానే ఉందని కూలోళ్ళు దాన్ని పెకలిస్తుంటే మావాడు అక్కడే తిరుగుతున్నాడు. ఒక బిళ్ళ గడప కింద దొరికిందట. ఇంకొకటి కూలిన గోడలోని మన్నుగడ్డను కాలితో తంతే బయటపడిందట.

ఇంతలో వాళ్ళ అవ్వ చింతపండు తెచ్చింది. "తోమితే బంగారమో రాగో తెలిసిపోతుంది గదా" అని. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నాయనా, ఈ కబురంతా ఆ చింతపండు దగ్గరే మొదలవుతుంది.

రాగి చెంబును నాలుగు నాళ్ళు వదిలేస్తే నల్లబడుతుంది, తడి తగిలితే చిలుము పడుతుంది. చింతపండు పెట్టి రుద్దితే మళ్ళీ తళతళలాడుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. అది చిలుమును కరిగించి నీళ్ళలో కలిపేస్తుంది. చెంబు దళసరి కాబట్టి దానికి పోయేదేం లేదు. నాణెం మీది అక్షరం ఎత్తు మాత్రం గోరు మందం కూడా ఉండదు. మన్నులో వందేళ్ళు పడి ఉన్న రాగికి గాలీ తేమా తగిలి ముందు ఎర్రటి పొర ఏర్పడుతుంది. దాని మీద, నీళ్ళలో కరిగిన బొగ్గుపులుసు గాలి చేరి పచ్చటి పొర కడుతుంది. ఈ పచ్చ పొరనే శాస్త్రజ్ఞులు మాలకైట్ అంటారు. చాలాసార్లు అసలు అక్షరం లోపలి రాగిలో ఉండదు, ఆ పొరలోనే నిలిచి ఉంటుంది. తోమితే చిలుముతోబాటు అక్షరమూ పోతుంది. మెరిసే రాగి బిళ్ళ మిగులుతుంది, అంతే.

అన్ని పచ్చలూ మంచివి కావు. గట్టిగా, నున్నగా ఉండే ముదురు పచ్చ నాణేన్ని కాపాడుతుంది. లేత పచ్చగా, గోటితో గీరితే పిండిలా రాలేది మాత్రం రోగం. చవుడులో ఉప్పు ఉంటుంది కదా, ఆ ఉప్పులోని క్లోరైడు రాగిలోకి దిగుతుంది. తేమ తగిలినప్పుడల్లా అక్కడ ఆమ్లం పుట్టి ఇంకాస్త రాగిని తినేస్తుంది. దానికి మందు పొడితనమే. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లాన్ని పారేయకుండా నాణెం పక్కన పెట్టండి, గాలిలోని చెమ్మను అది పీల్చుకుంటుంది.

మరి తోమకుండా చదివేదెట్లా? తలుపులు మూసి గది చీకటి చేశాం. నాణేన్ని బల్ల మీద పెట్టి, టార్చిలైటు పైనుంచి కాకుండా పక్కనుంచి, బల్లకు ఆనించినట్టు వేశాం. సాయంత్రం ఎండలో చిన్న గులకరాయికి కూడా బారెడు నీడ పడుతుంది చూడండి, అదే సంగతి. అంతవరకూ ఏమీ లేదనుకున్న చోట నీడలు లేచాయి. ముందు నాలుగు కాళ్ళు, తర్వాత తొండం. "ఏనుగు! తాతా, ఏనుగు!" అని మావాడు గంతేశాడు.

ఏనుగు బొమ్మ అనగానే నాకు సగం సంగతి తెలిసిపోయింది. టిప్పు సుల్తాను రాగి నాణేల మీద ఒక వైపు ఏనుగు ఉంటుంది. ఉర్దూ, ఫారసీ చదవగలిగిన మా నేస్తం ఒకాయన వచ్చి రెండో వైపు చూసి "జర్బ్ పటన్" అన్నాడు. అంటే పట్నంలో అచ్చువేసింది. పట్నమంటే శ్రీరంగపట్నం. ఏనుగు మీద అంకెలు 6121 అని ఉన్నాయి. మావాడు బిత్తరపోయాడు. టిప్పు 1787లో ఏళ్ళకు కొత్త లెక్క మొదలుపెట్టి, అంకెలను కుడి నుంచి ఎడమకు రాయించాడు. కాబట్టి అది 1216. మన లెక్కలో 1788-89. తర్వాతి ఏళ్ళలో ఆయన రాగి నాణేలకు ఆకాశంలోంచి పేర్లు తెచ్చి పెట్టాడు. పైసా జోహ్రా, అంటే శుక్రుడు. అర పైసా బహ్రామ్, అంటే కుజుడు. అన్నిటికన్నా చిన్నది కుత్బ్, ధ్రువ నక్షత్రం. రాగి దుడ్డును చేతిలో పెట్టుకుని గ్రహాల పేర్లు చెప్పుకున్నారు ఆ కాలం జనం!

"మన ఊరిది కాదా?" అని వాడి మొహం చిన్నబోయింది. గుర్రంకొండలోనూ టంకశాల ఉండేది నాయనా. టిప్పు ఈ ఊరికి జఫరాబాద్ అని పేరు పెట్టి, ఆ పేరుతో ఇక్కడ నాణేలు అచ్చువేయించాడు. ఆయన మేనమామ మీర్ రజా అలీ ఖాన్ సమాధి ఇక్కడే ఉంది. 1791లో నిజాము సేనలూ ఇంగ్లీషువాళ్ళూ కోటను చుట్టుముట్టారు. తర్వాత ఒప్పందంతో ఈ సీమ నిజాముకు పోయింది, 1800లో కుంపిణీకి వచ్చింది. ఆ కలతల్లో ఎంతమంది సిపాయిలు, బేరగాళ్ళు ఈ దారిన పోయి ఉంటారో! పట్నం దుడ్డు ఒకటి ఇక్కడ జారిపడటంలో వింత లేదు. మన వైపు డబ్బును ఇప్పటికీ "దుడ్లు" అనే అంటాం. దుడ్డంటే ఒకప్పుడు రాగి నాణెమే.

"అయితే ఆ మిద్దె టిప్పు కాలందే!" అన్నాడు. మా ఇంట్లోనూ ఎప్పుడూ ఆ మాటే, నవాబుల నాటి మిద్దె అని. రెండో బిళ్ళను దీపం కిందికి జరిపాను. కిరీటం పెట్టుకున్న ఐదో జార్జి తల, వెనక పావు అణా, 1919. కాణీ అన్నమాట.

ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి. గడప ఎత్తేటప్పుడు కింద నవధాన్యాలు, చిల్లర దుడ్లు వేయడం మన ఆచారం. గడప కింది కాణీని ఎవరో కావాలనే వేశారు. 1919లో అచ్చయిన కాణీని 1918లో వేయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఆ వాకిలి నిలబెట్టింది 1919లోనో, ఆ తర్వాతో. మరి ఏనుగు దుడ్డు? అది గోడ మన్నులో కలిసి వచ్చింది. మన్ను తవ్విన చోట అప్పటికే నూరేళ్ళుగా పడి ఉంది. దాన్ని బట్టి ఇంటి వయసు కడితే, మన్నులో దొరికిన గులకరాయిని బట్టి కట్టినట్టే. తవ్వకాలు చేసే పురావస్తు శాస్త్రజ్ఞులు ఒక పొర వయసు కట్టేటప్పుడు అందులోని కొత్త నాణేన్నే ముందు చూస్తారు. పాత నాణేలు ఎన్నున్నా లెక్కకు రావు.

ఇదంతా తెలిసింది ఏది ఎక్కడ దొరికిందో మావాడు గుర్తుపెట్టుకున్నాడు కాబట్టి. రెండూ ఒకే జేబులో పడి, తోమి, సంతలో అమ్ముడుపోయి ఉంటే ఒక ఏనుగు, ఒక రాజు తల మిగిలేవి. గుప్తనిధుల పేరుతో రాత్రిపూట గుళ్ళనూ కోటలనూ గడ్డపారలతో తవ్వే వాళ్ళను తలచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. వాళ్ళు మోసుకుపోయేది గుప్పెడు లోహం. చెదరగొట్టేది మాత్రం మళ్ళీ ఎవరూ పేర్చలేని పొరలు.

చట్టం సంగతీ వాడికి చెప్పాను. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. రెండు కాగితం కవర్లు చేసి ఒక్కో నాణేన్ని ఒక్కోదాంట్లో పెట్టాం, పక్కన సిలికా పొట్లం. కవరు మీద వాడే రాశాడు: "గడప కింద, ఎడమ మూల, జానెడు లోతు." రెండో కవరు మీద "పడమటి గోడ మన్ను" అని రాసి ఆగిపోయాడు.

"తాతా, ఈ గోడకు మన్ను ఎక్కడ తవ్వారు?"

నాకూ తెలియదు. గోడలోంచి పిడికెడు మన్ను తీసి గుడ్డలో మూట కట్టుకుని, సాయంత్రం చెరువు కట్ట కింది మన్నుతో రంగు సరిచూద్దామని ఇద్దరం బయలుదేరాం.