లినక్స్ కోసం ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు ఫర్మ్‌వేర్ చూడండి

లినక్స్ వేసుకోవడానికి ల్యాప్‌టాప్ కొనేవారు ప్రాసెసర్, ర్యామ్ చూసి తృప్తిపడతారు. చిక్కులు చాలావరకు వచ్చేది ఫర్మ్‌వేర్ దగ్గర. మదర్‌బోర్డు మీద చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉండే ఈ ప్రోగ్రామ్, పవర్ బటన్ నొక్కగానే అందరికంటే ముందు మేల్కొంటుంది. మెమరీని, డిస్కును సిద్ధం చేసి ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుస్తుంది. ఎవరిని పిలవాలో, ఎవరిని ఆపాలో తేల్చేదీ అదే.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ పీసీల్లోకి విస్తృతంగా వచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే, తాను నమ్మే డిజిటల్ సంతకం ఉంటేనే ఫర్మ్‌వేర్ బూట్ ప్రోగ్రామ్‌ను నడవనిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందే చొరబడే వైరస్‌లను ఆపడానికి ఇది అవసరమే. అయితే దాదాపు అన్ని పీసీల్లోనూ ముందే ఉండేవి మైక్రోసాఫ్ట్ కీలు. అందుకే ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌లు ‘షిమ్’ అనే చిన్న ప్రోగ్రామ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుని, దాని ద్వారా తమ కెర్నల్‌ను నడుపుతున్నాయి. విండోస్ 8 కాలంలో ఇంటెల్, ఏఎండీ పీసీల్లో సెక్యూర్ బూట్‌ను ఆపే వీలు ఉండి తీరాలన్నది మైక్రోసాఫ్ట్ నిబంధన. విండోస్ 10 వచ్చాక అది తయారీదారు ఇష్టానికి వదిలేశారు.

ఫర్మ్‌వేర్‌నే మార్చుకుందామంటే మరో అడ్డంకి ఉంది. 2013 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో బూట్ గార్డ్ వచ్చింది. తయారీదారు దాన్ని చిప్‌లో శాశ్వతంగా అమర్చితే, అతని సంతకం లేని ఫర్మ్‌వేర్ నడవదు. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో లినక్స్‌బయోస్ పేరుతో మొదలైన కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌ను అలాంటి యంత్రాల్లో ఎక్కించడం కష్టం. బూట్ గార్డ్ అడ్డు లేని పాత థింక్‌ప్యాడ్ ఎక్స్230 లాంటివాటికి ఇప్పటికీ గిరాకీ ఉండటానికి ఇదొక కారణం. కొత్తది కావాలంటే సిస్టమ్76, స్టార్ ల్యాబ్స్ సంస్థలు కోర్‌బూట్‌తోనే కొన్ని మోడళ్లు అమ్ముతున్నాయి. వాటిలోనూ ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ వంటి మూసిన భాగాలు పూర్తిగా పోవు.

ఇక వైఫై. ఇంటెల్ కార్డుల డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది గానీ, కార్డులోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ సోర్స్ బయటికి రాదు. ఇలాంటి ఫైళ్లను ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వాలని డెబియన్ సభ్యులు 2022లో ఓటేసి నిర్ణయించారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలైంది. కొన్ని పాత ఎథిరోస్ కార్డులకు ఆ ఫైళ్ల అవసరమే లేదు.

మన దుకాణాల్లో ‘డాస్’ పేరుతో విండోస్ లేని ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. ధర తక్కువే. కానీ విండోస్ లేనంత మాత్రాన లినక్స్ సాఫీగా నడుస్తుందన్న హామీ లేదు. ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపే లైవ్ యూఎస్‌బీ తీసుకెళ్లి దుకాణంలోనే బూట్ చేయించండి. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, నిద్రావస్థ నుంచి లేవడం చూడండి. ఫర్మ్‌వేర్ సెటప్‌లో సెక్యూర్ బూట్‌ను ఆపే వీలుందో లేదో వెతకండి. ఈ పరీక్షలకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.