ఓడ ఎవరిదో జెండా చెబుతుంది

కోనసీమలో అప్పనపల్లి పేరు వినని వారుండరు. బాలబాలాజీ ఆలయాన్ని ఆనుకొని వైనతేయ గోదావరి పారుతుంది. అక్కడి నుండి నది దిగువకు సాగి సముద్రంలో కలిసే చోట ఒక ఊరుంది. దాని పేరు ఓడలరేవు. పేరులోనే దాని చరిత్ర ఉంది. ఆ దగ్గరలోనే ఉన్న బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు వర్తకస్థానం పెట్టుకున్నారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకున్నాడు. అంతకుముందే 17వ శతాబ్దంలో పాలకొల్లు, నరసాపురం ప్రాంతాలకు డచ్చివారు వచ్చి బట్టల వ్యాపారం చేశారు.

మరి సముద్రంలో దూరాన ఒక ఓడ కనిపించినప్పుడు, అది ఇంగ్లీషువారిదో, డచ్చివారిదో, ఫ్రెంచివారిదో రేవులోని వారికి ఎలా తెలిసేది? ఆ రోజుల్లో టెలిఫోను లేదు, వైర్‌లెస్ లేదు. వచ్చేది మిత్రుడో శత్రువో ముందుగా తెలియకపోతే ప్రాణాలకే ముప్పు. ఆ కబురు చెప్పేది జెండా ఒక్కటే.

ఒక ఓడకు ఎన్ని జెండాలు?

ఓడ ముందు కొసను మన జాలర్లు అణియం అంటారు, వెనుక కొసను అమరం అంటారు. అమరం వైపు ఎగిరేది ఓడ నమోదైన దేశపు జెండా. ఓడ ఏ దేశపు రేవుకు వచ్చిందో ఆ దేశపు జెండాను మర్యాదకోసం మరోచోట ఎగరవేస్తారు. ఇవి కాక, ఓడ యజమానులైన కంపెనీకి సొంత జెండా ఉంటుంది. దీనినే హౌస్ ఫ్లాగ్ అంటారు. మనం కంపెనీ జెండా అని చెప్పుకుందాం. దీనిని ఎత్తయిన స్తంభం మీద ఎగరవేయడం ఆనవాయితీ.

ఈస్టిండియా కంపెనీ జెండా మీద ఎరుపు, తెలుపు అడ్డచారలు ఉండేవి. పై మూలలో బ్రిటిషు జెండా గుర్తు ఉండేది. డచ్చి కంపెనీవారు తమ దేశపు మూడురంగుల జెండా మధ్యలో వి, ఓ, సి అనే మూడక్షరాలను పెనవేసి వేసుకున్నారు. వ్యాపారం చేసుకోవడానికి వచ్చిన కంపెనీల జెండాలివి. వాటిలో ఒకటి చివరకు మన దేశాన్నే ఏలిందని మీకు తెలుసు.

జర్మనీ ఓడల జెండాలు

19వ శతాబ్దంలో ఆవిరి ఓడలు వచ్చాయి. వందలాది కంపెనీలు వెలిశాయి. ప్రతి కంపెనీ తనకొక జెండాను కల్పించుకుంది. వీటిలో జర్మనీ కంపెనీల జెండాలు చూడదగ్గవి.

హాంబర్గ్ నగరంలో 1847లో పుట్టిన కంపెనీ హాపాగ్. దాని జెండాను మూల నుండి మూలకు గీసిన రెండు గీతలు నాలుగు భాగాలు చేస్తాయి. ఆ భాగాలు నీలం, తెలుపు. మధ్యలో నల్లని లంగరు, దాని మీద పసుపు డాలు, ఆ డాలు మీద కంపెనీ పేరు. బ్రెమెన్ నగరంలో 1857లో మరో కంపెనీ పుట్టింది. దాని పేరు నార్డ్‌డాయిచర్ లాయిడ్. దాని తెల్లజెండా మీద నీలిరంగులో ఒక తాళంచెవి, ఒక లంగరు అడ్డంగా దాటుకొని ఉంటాయి. తాళంచెవి బ్రెమెన్ నగరపు చిహ్నం. హాంబర్గ్‌కే చెందిన లైజ్ కంపెనీ జెండా అన్నిటికన్నా సులువైనది. తెల్లని గుడ్డపై ఎఫ్, ఎల్ అనే రెండు ఎర్రని అక్షరాలు, అంతే! ఈ కంపెనీ తెరచాప ఓడల పేర్లు ‘ప’తో మొదలయ్యేవి: పామీర్, పాస్సాట్, పెకింగ్. పాస్సాట్, పెకింగ్ ఓడలను జర్మనీలో నేటికీ భద్రపరచి ఉంచారు.

ఇక్కడ ఒక ప్రశ్న. ఈ జెండాలలో ఏది ఎక్కువ దూరం నుండి గుర్తుపట్టగలం? దీనికి జవాబు మన కంటిలో ఉంది.

కన్ను ఎంత చూడగలదు?

ఒక డిగ్రీ కోణాన్ని 60 భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని నిమిషం అంటారు. ఆరోగ్యవంతమైన కన్ను సుమారు ఒక నిమిషం కోణం చేసే వివరాన్ని విడిగా చూడగలదు. అంతకన్నా చిన్నవైతే పక్కపక్కనున్నవి కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. దీనిని లెక్కలోకి మారిస్తే ఒక తేలిక సూత్రం వస్తుంది. చార వెడల్పును 3,440తో గుణిస్తే, దానిని గుర్తించగల గరిష్ఠ దూరం సుమారుగా తెలుస్తుంది.

దీనిని మీరే పరీక్షించవచ్చు. ఒక తెల్లకాగితం మీద 1 సెంటీమీటరు వెడల్పుగల నల్లచారలను, 1 సెంటీమీటరు ఎడంతో గీయండి. దానిని బడి గోడకు అంటించి మెల్లగా వెనక్కు నడవండి. చారలు కలిసిపోయి బూడిదరంగుగా కనబడిన చోట ఆగండి. దూరం కొలవండి. సూత్రం ప్రకారం అది 34 మీటర్లు కావాలి. మీ తరగతిలో అందరి దూరాలూ ఒకటిగా ఉండవు. ఎవరికైనా దూరం మరీ తక్కువగా వస్తే వారు కళ్లు పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇప్పుడు ఓడ దగ్గరకు వద్దాం. హాపాగ్ డాలు మీది అక్షరాల గీత మందం 5 సెంటీమీటర్లు అనుకుందాం. దానిని వట్టి కంటితో 172 మీటర్ల దాకానే చదవగలం. పది రెట్లు పెద్దగా చూపే దుర్భిణితోనైనా 1.7 కిలోమీటర్లే. అదే లైజ్ జెండాలో అక్షరపు గీత 20 సెంటీమీటర్లు ఉంటే దుర్భిణితో సుమారు 7 కిలోమీటర్ల నుండి చదవవచ్చు. హాపాగ్ జెండాలోని నీలం, తెలుపు పెద్ద భాగాలు దూరం నుండి కనబడతాయి. పేరు దగ్గరకు వచ్చాకే కనబడుతుంది. అంటే మంచి జెండా రెండుసార్లు మాట్లాడుతుంది. మొదట ఆకారంతో, తరువాత వివరంతో.

రంగుల ఎంపికలోనూ శాస్త్రం ఉంది. సముద్రం మీది పొగమంచు, తేమ వెలుతురును చెదరగొడతాయి. అందుచేత దూరాన పసుపు తెలుపులాగా, ముదురు నీలం నలుపులాగా కనిపిస్తాయి. ఆకుపచ్చను నీలంగా పొరబడవచ్చు. కాబట్టే లేతరంగు పక్కన ముదురురంగును ఉంచాలి. ఓడలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అంతర్జాతీయ సంకేత జెండాలున్నాయి. మొదటి సంకేత గ్రంథం 1857లో వచ్చింది. నేటి 26 అక్షరాల జెండాలలో వాడేవి అయిదే రంగులు: ఎరుపు, నీలం, పసుపు, తెలుపు, నలుపు. ఆకుపచ్చ లేనేలేదు!

జెండాను ఎత్తున కట్టడమెందుకు?

భూమి గుండ్రంగా ఉందికదా! దిగంతం ఎంత దూరమో తెలుసుకోవాలంటే, కంటి ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని 3.57తో గుణించండి. జవాబు కిలోమీటర్లలో వస్తుంది. ఒడ్డున నిలబడిన మీ కన్ను 1.6 మీటర్ల ఎత్తున ఉంటే మీ దిగంతం 4.5 కిలోమీటర్లు. 30 మీటర్ల స్తంభం మీది జెండాకు దిగంతం 19.5 కిలోమీటర్లు. రెండూ కలిపితే 24 కిలోమీటర్లు. అంటే ఓడ 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు దాని ఒళ్లు భూమి వంపు చాటున దాగి ఉంటుంది. స్తంభం కొస మాత్రం పైకి వస్తుంది. అంత దూరాన జెండాను పోల్చుకోవాలంటే బలమైన దుర్భిణి కావాలి. అయినా ఓడలో మొదట పైకి తేలేది స్తంభం కొసే కాబట్టి, జెండాను అక్కడ కట్టారు.

జెండాకు ఒక లోపముంది. గాలి లేకపోతే వేలాడిపోతుంది. గాలి మనవైపు నేరుగా వీస్తే జెండా అంచు మాత్రమే కనిపిస్తుంది. అందుకే ఆవిరి ఓడలు వచ్చాక కంపెనీలు పొగగొట్టానికి కూడా రంగులు వేశాయి. పొగగొట్టం జెండాకన్నా పెద్దది, గాలితో దానికి పనిలేదు.

కాకినాడ నుండి రంగూనుకు

మన తీరంలో ఎక్కువమంది తెలుగువారు ఎక్కిన ఓడలు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. 1856లో కలకత్తా-బర్మా కంపెనీగా మొదలై, 1862లో ఈ పేరు పెట్టుకుంది. దాని జెండా తెల్లనిది. చివర చేప తోకలాగా చీలి ఉంటుంది. మూల నుండి మూలకు రెండు ఎర్రని పట్టీలు. నల్లని పొగగొట్టం మీద రెండు తెల్లపట్టీలు. చదువు రానివారు కూడా గుర్తుపట్టగల గుర్తులివి.

కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. నీరు లోతు చాలక కిలోమీటర్ల దూరంలోనే లంగరు వేసేవి. ప్రయాణికులను, సరుకును పడవలలో చేరవేసేవారు. ఓడ 8 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. మన సూత్రం ప్రకారం 2.3 మీటర్లకన్నా చిన్న వివరమేదీ వట్టి కంటికి ఆనదు. పది రెట్ల దుర్భిణి ఉంటే 23 సెంటీమీటర్ల పట్టీనైనా పోల్చుకోవచ్చు.

గోదావరి, విశాఖ జిల్లాల నుండి వేలాదిమంది కూలీలు ఇలా రంగూను వెళ్లి అక్కడి రేవులో, మిల్లులలో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ కోరంగీలు అన్నారు. ఓడ కిరాయి వారికి చిన్న మొత్తం కాదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారికి బదులు బర్మావారిని పనిలో పెట్టడంతో ఘోరమైన అల్లర్లు చెలరేగి ఎందరో చనిపోయారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలమంది భారతీయులు తిరుగుముఖం పట్టారు. ఓడ దొరికినవారు అదృష్టవంతులు. దొరకనివారు అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చారు. దారిలో వేలమంది నేలరాలారు.

వేషం మార్చిన ఓడ

గుర్తులను నమ్మేచోట మోసమూ ఉంటుంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించి నూనె ట్యాంకులను తగులబెట్టింది. ఈ ఓడకు మూడు పొగగొట్టాలు. నావికులు నాలుగోది ఉత్తుత్తిది తగిలించి, దూరం నుండి ఇంగ్లీషు ఓడలాగా కనబడేట్టు చేశారు. దాని వెంట బొగ్గు మోసిన మార్కోమానియా హాపాగ్ కంపెనీ ఓడే. అయితే యుద్ధనీతి ప్రకారం గుండు పేల్చేముందు సొంత జెండా ఎగరవేయాలి. అక్టోబరు 28న పెనాంగు రేవులో రష్యా ఓడను ముంచేముందు ఎండెన్ అలాగే చేసింది. నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ చేతిలో ఎండెన్ కథ ముగిసింది.

యుద్ధంలో ఓడిన జర్మనీ తన పెద్ద వర్తక నౌకలను అప్పగించవలసి వచ్చింది. హాపాగ్ వారి ఇంపరేటర్ అనే మహానౌక ఇంగ్లండుకు పోయి బెరెంగారియా అయింది. ఓడ అదే, యంత్రాలవే. స్తంభం మీద మాత్రం కూనార్డ్ కంపెనీ జెండా, ఎర్రని గుడ్డపై బంగారు సింహం, ఎగిరింది.

మన ఓడ

పరాయి కంపెనీల చేతిలో తీరమంతా ఉన్నప్పుడు మనవారు ఊరుకోలేదు. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ ఓడ లాయల్టీ బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. అందుకే మనం ఏప్రిల్ 5ను జాతీయ నౌకాయాన దినంగా జరుపుకుంటున్నాం. వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో ఆ కంపెనీ విశాఖపట్నంలో ఓడల కర్మాగారం తలపెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న సుమారు 8,000 టన్నుల జలఉష ఓడను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి విడిచారు. ఆ కర్మాగారమే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్.

ఈనాడు బ్రిటిష్ ఇండియా కంపెనీ లేదు. సింధియా ఓడలూ లేవు. హాపాగ్, లాయిడ్ కంపెనీలు 1970లో ఒకటై హాపాగ్-లాయిడ్ పేరుతో నడుస్తున్నాయి. ఓడలు ఉపగ్రహాల ద్వారా, రేడియో ద్వారా తమ పేరు తామే చెప్పుకుంటున్నాయి. అయినా గుర్తు పోలేదు. పొగగొట్టం నుండి అది ఇనుప పెట్టెల మీదికి, అంటే కంటెయినర్ల మీదికి దిగింది. హాపాగ్-లాయిడ్ పెట్టెలు నారింజరంగువి. డెన్మార్కు దేశపు మేర్స్క్ కంపెనీ గుర్తు నీలం మీద ఏడు కోణాల తెల్లనక్షత్రం. కోనసీమ మీదుగా పోయే జాతీయ రహదారి మీద లారీలను గమనించండి. ఏయే గుర్తులు ఎంత దూరం నుండి పోల్చుకోగలిగారో పుస్తకంలో రాసుకోండి.

చివరగా మీకొక పని. అప్పనపల్లి కొబ్బరికాయలను సముద్రం మీద పంపే ఓడ ఒకటి ఉందనుకొని, దానికి జెండా గీయండి. రంగులు రెండు, మించితే మూడు. లేతరంగు పక్కన ముదురురంగు. ఏ గీతా జెండా ఎత్తులో పదోవంతుకన్నా సన్నంగా ఉండకూడదు. దానిని మైదానం అవతల నిలబెట్టి, జెండా సంగతి తెలియని స్నేహితుణ్ణి పిలిచి ఏం కనబడుతున్నదో అడగండి. అతడు సరిగ్గా చెప్పలేకపోతే తప్పు అతని కంటిది కాకపోవచ్చు. జెండాను మార్చి గీయండి.