గడ్డిచామంతి పసరుకు పరీక్ష

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు కట్ట పక్కన, బాపట్ల ఇసుక నేలల్లో, ఎవరూ నాటకుండానే పెరిగే మొక్క గడ్డిచామంతి. పొడవాటి కాడ చివర పసుపు బొడిపె, చుట్టూ నాలుగైదు తెల్ల రెక్కలు, గరుకు ఆకు. పలకలు తుడిచిన తరానికి ఇది పలకాకు. కొడవలి తెగితే ఆ ఆకు నలిపి పసరు పిండడం పొలాల్లో మామూలే. ఇంత మనదనిపించే ఈ మొక్క (ట్రైడాక్స్ ప్రొకంబెన్స్) పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు!

పసరు పిండాం, మానింది అంటే శాస్త్రం ఒప్పుకోదు. చిన్న గాయం ఏమీ రాయకపోయినా మానుతుంది. పసరు వల్ల త్వరగా మానిందా, గట్టిగా మానిందా అన్నదే అసలు ప్రశ్న.

అది తేల్చడానికి ప్రయోగశాలలో ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి వడగడతారు. ఆల్కహాల్ ఆవిరైపోగా మిగిలిన జిగురు ముద్దను, అంటే సారాన్ని, లేపనంలో కలుపుతారు. నైతిక సంఘం అనుమతితో, ఎలుకకు మత్తిచ్చి వీపున కొలత ప్రకారం చర్మం తీస్తారు. ఒక గుంపుకు ఈ లేపనం, ఒక గుంపుకు మందుల షాపు ఆయింట్‌మెంటు, మరో గుంపుకు సారం కలపని ఉత్త లేపనం. ఆ ఉత్త లేపనమే లేకపోతే ప్రయోగమంతా దండగ. గాయం మీద పారదర్శక కాగితం పరిచి, అంచు వెంట గీత గీసి, గ్రాఫు గళ్లు లెక్కపెడతారు. పక్కు ఎన్నో రోజున రాలిందో రాసుకుంటారు.

పైకి మూసుకుంటే సరిపోదు. కోసి కుట్టిన గాయాన్ని లాగి, ఎంత బరువుకు విడిపోతుందో చూస్తారు. కొత్త కండలో హైడ్రాక్సీప్రోలిన్ కొలుస్తారు. అది దాదాపుగా కొల్లాజెన్‌లోనే ఉండే అమైనో ఆమ్లం కనుక, అది పెరిగితే అతుకు పడుతున్నట్టే.

1980ల మొదట్లో మన దేశపు పరిశోధకులు డెక్సామెథసోన్ ఇచ్చిన ఎలుకల్లో గడ్డిచామంతిని పరీక్షించారు. ఆ స్టెరాయిడ్ గాయాన్ని మాననివ్వదు. చర్మం పొర కట్టడంలో, అతుకు బలంలో ఆ అడ్డును మొక్క తగ్గించింది. గాయం ముడుచుకోవడంలో మాత్రం తగ్గించలేకపోయింది. నన్నడిగితే, అన్నిటికీ పనిచేసిందనే ఫలితం కన్నా ఈ సగం విజయమే నమ్మదగ్గది.

అయితే ఎలుక చర్మం వదులు. దాని గాయం ఎక్కువగా ముడుచుకుని మూసుకుంటుంది, మనది ఎక్కువగా కొత్త కండ, కొత్త పొర పెరిగి మానుతుంది. అందుకే మన చర్మానికి దగ్గరైన పంది చర్మం మీదా పరీక్షలు చేస్తారు. ఇక రైలు కట్ట మీద కోసిన ఆకులో సారం ఎంతుందో ఎవరూ కొలవరు. ఆ ఆకుకంటిన మట్టిలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవులూ ఉండొచ్చు, షుగరు ఉన్నవారి కాలి పుండుకైతే అది మరీ ప్రమాదం.