మీకు తెలుసా? సాల్ట్ లేక్ పేరు వెనుక ఒక మేయర్

కోల్‌కతాలో సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్ అంటే ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పట్టణం అధికారిక పేరు బిధాన్‌నగర్. పశ్చిమ బెంగాల్‌ను పద్నాలుగేళ్లకు పైగా ఏలిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పేరు అది. ముఖ్యమంత్రిగా ఆయన అందరికీ తెలుసు. అంతకుముందు ఆయన నగరానికి మేయర్‌గా పనిచేసిన సంగతి చాలామందికి తెలియదు.

★ బిధాన్ రాయ్ 1882 జులై 1న పాట్నాలోని బాంకీపూర్‌లో పుట్టారు. లండన్ వెళ్లి ఎం.ఆర్.సి.పి., ఎఫ్.ఆర్.సి.ఎస్. రెండూ కలిపి రెండేళ్ల మూడు నెలల్లో పూర్తిచేసి 1911లో తిరిగొచ్చారు. ఈ రెండు పట్టాలనూ అంత తక్కువ కాలంలో సాధించినవాళ్లు అరుదు.

★ 1923లో బెంగాల్ శాసనమండలి ఎన్నికల్లో బరాక్‌పూర్ నుంచి స్వతంత్రుడిగా నిలబడ్డారు. ప్రత్యర్థి రెండుసార్లు కాంగ్రెస్ అధ్యక్షుడిగా చేసిన సురేంద్రనాథ్ బెనర్జీ. స్వరాజ్య పార్టీ అండతో రాజకీయాలకు కొత్తయిన డాక్టరే గెలిచారు.

★ కలకత్తాకు ప్రజలెన్నుకున్న కార్పొరేషన్ రావడానికి దారితీసిన 1923 మున్సిపల్ చట్టాన్ని తెచ్చింది ఆ ఓడిపోయిన బెనర్జీయే. దాని ప్రకారం 1924లో చిత్తరంజన్ దాస్ తొలి మేయర్ అయ్యారు. 1931లో సుభాష్ చంద్రబోస్ తర్వాత అదే కుర్చీలో బిధాన్ రాయ్ కూర్చున్నారు. బెనర్జీని ఓడించిన డాక్టరు, ఆయన చట్టం తెచ్చిన పదవిలోనే పాలన నేర్చుకున్నారు.

★ స్వాతంత్ర్యోద్యమంలో 1930లో జైలుకు వెళ్లి వచ్చిన మనిషి మేయర్‌గా ఏం పట్టించుకున్నారు? ఉచిత చదువు, ఉచిత వైద్యం, మంచి రోడ్లు, వీధి దీపాలు, మంచినీళ్లు. ఆసుపత్రులకూ ధర్మాసుపత్రులకూ కార్పొరేషన్ గ్రాంట్లు ఇచ్చే పద్ధతికి ఒక రూపం తెచ్చారు. రోగం వచ్చాక మందివ్వడం డాక్టరు పని. రోగం రాకుండా నీళ్లు శుభ్రంగా ఉంచడం మున్సిపాలిటీ పని. ఆయన రెండూ చేశారు.

★ హుగ్లీ నది ఎందుకు కలుషితమవుతోందో అధ్యయనం చేయాలని ఆయన శాసనమండలిలో తీర్మానం పెట్టింది 1925లో! నదుల కాలుష్యం గురించి మన దేశంలో పెద్దగా ఎవరూ మాట్లాడని రోజులవి.

★ ఆ హుగ్లీ ఒండ్రుమట్టితోనే సాల్ట్ లేక్ పుట్టింది. నది అడుగున పేరుకున్న మట్టిని తవ్వి, నీళ్లతో కలిపి, పైపుల ద్వారా నగరానికి తూర్పున ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలల్లోకి పంపారు. నీళ్లు పోయాయి, మట్టి మిగిలి నేల అయింది. యుగోస్లావియా సంస్థ ఈ పని చేసింది. పట్టణానికి ప్లాన్ గీసింది దోబ్రివోయె తోష్కోవిచ్. అక్కడి కూడళ్లలో నిలబడ్డ నీళ్ల ట్యాంకులకు నంబర్లుంటాయి. ‘ఎనిమిదో నంబర్ ట్యాంకు’ అంటే చాలు, ఆటో అక్కడే ఆగుతుంది.

★ ఈ పనులు 1962 ఏప్రిల్ 16న మొదలయ్యాయి. అదే ఏడాది జులై 1న, సరిగ్గా తన ఎనభయ్యో పుట్టినరోజున, ముఖ్యమంత్రి పదవిలో ఉండగానే బిధాన్ రాయ్ కన్నుమూశారు. తాను తలపెట్టిన పట్టణంలో ఒక్క ఇల్లు కూడా ఆయన చూడలేదు. అంతకు ముందే 1961లో భారతరత్న అందుకున్నారు. 1991 నుంచి మనం జులై 1ని డాక్టర్స్ డేగా జరుపుకొంటున్నది ఆయన పేరు మీదే.

★ మనకూ ఇలాంటి నాయకుడున్నారు. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు అంతకు చాలా ఏళ్ల ముందే రాజమండ్రి మున్సిపల్ చైర్మన్‌గా పనిచేశారు.

కుళాయిలో నీళ్లు, వీధిలో దీపం, కాలువలో మురుగు: ఇవి చిన్న పనులని అనుకోవద్దు. ఇద్దరు ముఖ్యమంత్రులు వీటి దగ్గరే పాలన నేర్చుకున్నారు. ఈసారి మీ ఊరి మున్సిపల్ ఎన్నికలొస్తే, దయచేసి ఇంట్లో కూర్చోకుండా వెళ్లి ఓటేయండి.